పాత జీపు - తొలిరూపము

పాతబడిన వస్తువును బాగుచేయుట వేరు, దానిని తొలిరూపమునకు తెచ్చుట వేరు. మొదటి పని మనకందరకును పరిచితమైనదే. మంచపు కోడు విరిగినచో కోడు మార్చుదుము. బిందెకు చిల్లి పడినచో మాటు వేయింతుము. వస్తువు మరల పనికివచ్చిన చాలును. రెండవ పనియందట్లు కాదు. ఆ వస్తువు పుట్టిననాడు ఎట్లుండెనో మరల అట్లే యుండవలెనని మన కోరిక. ఈ కోరిక వినుటకు సులభముగా నుండును గాని, పనికి దిగినపిమ్మట అడుగడుగునను ఒక ప్రశ్న ఎదురు నిలుచును: పుట్టిననాడు ఇది ఎట్లుండెనో మనకెవరు చెప్పవలెను?

ఈ ప్రశ్నను గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఊరక సిద్ధాంతములు చెప్పినచో వినువారికి విసుగు కలుగును గనుక, ఒక వాహనమును ఆధారముగా గొని చెప్పెదను. ఆ వాహనము మీరందరు ఎరిగిన జీపు. మనము దానిని కారులలో చేర్చి మాటాడుచుందుము గాని, దానిని చేయించిన అమెరికా సైన్యమువారి లెక్కలలో అది కారు కాదు, ట్రక్కు. "పావు టన్ను ట్రక్కు, నాలుగింట నాలుగు" అని దాని పేరు. పావు టన్ను అనగా దారిలేని చోట్ల అది మోయవలసిన బరువు. నాలుగింట నాలుగు అనగా ఉన్న నాలుగు చక్రములకును ఇంజను బలము అందుననుట. బండి పొడవు సుమారు పదకొండడుగులు, వెడల్పు అయిదడుగుల రెండంగుళములు. 

దాని పుట్టుక వినదగినది. 1940 వ సంవత్సరము జూలై 11 వ తేదీన అమెరికా సైన్యమువారు 135 కంపెనీలకు వర్తమానము పంపి, దారి లేని చోట నడువగల ఒక చిన్న బండి కావలయునని కోరిరి. మాదిరి బండిని 49 దినములలో ఒప్పజెప్పవలెనని గడువు. ఇంత తక్కువ గడువునకు ఒడబడి ముందుకు వచ్చినవారు ఇద్దరే. పెన్సిల్వేనియా రాష్ట్రములో బట్లరు పట్టణమునందలి బాంటమ్ కంపెనీ యొకటి, ఒహాయో రాష్ట్రములో టొలీడో పట్టణమునందలి విల్లీస్ కంపెనీ రెండవది. బాంటమ్ వారి పక్షమున కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరు కొలది దినములలోనే నక్షాలు గీసియిచ్చెను. సెప్టెంబరు 23 వ తేదీన వారు తమ మాదిరి బండిని మేరీలాండులోని హోలాబర్డు సైనిక స్థావరమునకు నడుపుకొనిపోయి గడువులోపల ఒప్పజెప్పిరి.

పిమ్మట విల్లీస్ వారును, ఫోర్డు వారును తమ తమ మాదిరులను తెచ్చిరి. 1941 లో పెద్ద కంట్రాక్టు విల్లీస్ వారికి లభించెను. వారి ఇంజను 60 గుఱ్ఱముల బలము గలది. అదియే వారిని గెలిపించినదని చెప్పవచ్చును. అయినను ఆ కంపెనీ యొక్కటియే సైన్యమునకు కావలసినన్ని బండ్లు చేయజాలదని, అదే సంవత్సరము నవంబరులో ఫోర్డు వారికిని ఆర్డరు ఇచ్చిరి. అందులో ముఖ్యమైన షరతు ఒకటి కలదు. విల్లీస్ నక్షాల ప్రకారమే బండి చేయవలెను. ఒక బండి సామాను రెండవ బండికి అమరవలెను. విల్లీస్ వారి బండికి ఎం.బి. అనియు, ఫోర్డు వారి బండికి జి.పి.డబ్ల్యు. అనియు పేర్లు. యుద్ధము ముగియునప్పటికి విల్లీస్ వారు సుమారు 3 లక్షల 60 వేలును, ఫోర్డు వారు సుమారు 2 లక్షల 80 వేలును చేసిరి. అందరికంటె ముందు బండిని తెచ్చియిచ్చిన బాంటమ్ వారు చేసినవి మూడు వేలకు లోపే. లోకములో మొదట దారి వేసినవాడొకడు, ఆ దారిన బండి తోలినవాడొకడు అగుట క్రొత్త గాదు.

ఈ చరిత్ర నంతయు చెప్పుటకు కారణము కలదు. సామాను ఒకదానిది ఒకదానికి అమరవలెనన్న ఆ షరతే నేడు ఈ బండిని తొలిరూపమునకు తేదలచినవానికి పెద్ద చిక్కు. యుద్ధరంగమున ఒక బండి ఇరుసు విరిగినచో, ప్రక్కన పడియున్న మరియొక బండి ఇరుసు ఊడదీసి బిగించిరి. సైనిక మరమ్మతు శాలలలో ఇంజనులన్నియు ఒకచోట, గేరు పెట్టెలన్నియు ఒకచోట పేర్చి, చేతికి అందినది అందినట్లు కూర్చి పంపిరి. వారికి బండి నడిచిన చాలును. అది విల్లీసా, ఫోర్డా అన్న విచారము వారికెందులకు? కావున నేడు మనకు దొరకు జీపులో చాసిస్సు ఒకరిది, ఇంజను ఒకరిది, రేకు తొట్టి ఇంకొకరిది అయియుండవచ్చును.

అయినను గుర్తులు లేకపోలేదు. ఫోర్డు వారికి తాము చేసిన ప్రతి సామానుమీదను, తుదకు బోల్టు తలమీదను, "ఎఫ్" అను ఆంగ్లాక్షరమును వంపుగా ముద్రించు అలవాటుండెను. ముందుభాగమున, రేడియేటరునకు క్రింద, చాసిస్సు రెండు కమ్ములను కలుపు అడ్డకమ్మి విల్లీసులో గుండ్రని గొట్టము. ఫోర్డులో పలకలుగా మడచిన రేకు. బండి సంఖ్యను ఫోర్డు వారు ఎడమ చాసిస్సు కమ్మి పైభాగమున నేరుగా ఇనుముమీదనే కొట్టిరి. విల్లీస్ వారు ఒక చిన్న పలకమీద కొట్టి, ఆ పలకను ఎడమకమ్మి లోపలివైపున రివెట్లతో బిగించిరి. ఇంజనుకు విల్లీస్ వారు సైన్యపు ఆకుపచ్చ రంగును, ఫోర్డు వారు బూడిద రంగును వేసిరి. రేడియేటరు ముందు జాలి విషయమున ఇంకొక ముచ్చట కలదు. విల్లీస్ వారి తొలి బండ్లకు ఇనుప బద్దలు వెల్డుచేసిన జాలి యుండెను. ఒకే రేకును అచ్చుతో నొక్కి తొమ్మిది నిలువు చీలికలు తీయు పద్ధతి ఫోర్డు వారిది. అది చవుక, తేలిక. కావున 1942 లో విల్లీస్ వారును దానినే అనుసరించిరి. యుద్ధానంతరము వచ్చిన పౌరుల జీపులకు చీలికలు ఏడే. ఈ లెక్క తెలిసినవానిని, క్రొత్త బండికి పాతవేషము వేసి మోసగించుట కష్టము.

యుద్ధము ముగిసిన తరువాత మన దేశమున మిగిలిన సైనిక వాహనములు వేలమునకు వచ్చెను. 1947 నుండి బొంబాయిలో మహీంద్రా వారు విల్లీస్ జీపులను కూర్చి అమ్మసాగిరి. క్రొత్త జీపుల సామాను పాతవానికిని చాలవరకు సరిపోవుటచేత, పాత యుద్ధపు జీపులు చావక బ్రదికినవి. అయితే బ్రదికిన కొలదియు వాని రూపము మారిపోయెను. యుద్ధకాలపు టి-84 గేరు పెట్టె పోయి టి-90 వచ్చెను. ఆరు వోల్టుల విద్యుత్తు పోయి పండ్రెండు వోల్టులు వచ్చెను. పెట్రోలు ధర పెరిగినపుడు ఇంజనే పోయి డీజిలు ఇంజను వచ్చెను. ఇవి తప్పులని నేననను. బండిమీద బ్రదుకువాడు బండిని తన బ్రదుకునకు తగినట్లు మార్చుకొనును.

కొన్ని సంవత్సరముల క్రిందట నా మిత్రుడొకడు ఇట్టి జీపునొకదానిని తొలిరూపమునకు తేవలెనని నన్ను తోడు రమ్మనెను. అది వారి తాతగారు వేలమున కొన్నది. పల్లెటూరి సావడిలో తాటాకుల క్రింద ఇరువది యేండ్లకు పైగా నిలిచిపోయినది. ఆ పనికి పట్టణమునుండి ఒక వృద్ధ మేస్త్రిని పిలిపించితిమి. ఆయన వచ్చి, బండి చుట్టును రెండుసార్లు తిరిగి, ఒక సుత్తిగాని పానాగాని చేతబట్టకుండ, "అయ్యా, ముందు దీనిని చదువుకొందము, తరువాత విప్పుదము" అనెను. ఈ విద్యలో ఇంతకు మించిన సూత్రము నాకింతవరకు దొరకలేదు.

చదువుట యెట్లని అడుగుదురేమో. మొదట ఫోటోలు. ప్రతి మూలను, ప్రతి తీగ ఎటునుండి యెటు పోవుచున్నదో, ప్రతి బోల్టు క్రింద వాషరు కలదో లేదో చూచి ఫోటో తీయవలెను. విప్పిన ప్రతి సామానునకు చీటి కట్టవలెను. రెండవది, రంగు. బోనెట్టుమీద పావలా కాసంత మేర నీటితో తడిపిన సన్నని గీకుకాగితముతో మెల్లగా రుద్దినచో, చెట్టు మ్రానును కోసినపుడు వలయములు కనబడునట్లు రంగుల పొరలు ఒకదాని లోపల నొకటి కనబడును. మా బండికి పైన సిమెంటు రంగు, దాని క్రింద నీలము, దాని క్రింద పచ్చ, అన్నిటికి అడుగున వెలుగులేని ఆకుపచ్చ, దానికిని అడుగున ఎఱ్ఱని ప్రైమరు. ఆ వెలుగులేని ఆకుపచ్చయే సైన్యపు రంగు. ఒకచోట దానిమీద తెల్లని అంకెల ఛాయలు కనబడెను. తొలి రోజులలో ఆ సంఖ్యలను మసక నీలపు రంగుతోను, తరువాత తెల్లరంగుతోను వ్రాసెడివారు. మేస్త్రి పలుచని కాగితము పఱచి ఆ ఛాయలను యథాతథముగా దింపుకొనెను. తొందరపడి బండినంతయు గీకియున్నచో, ఆ అంకెలు ఒక గంటలో దుమ్ములో కలిసియుండెడివి. మరల ఎవరును చెప్పగలిగియుండరు.

మూడవది, సంఖ్యలు. ఎడమ చాసిస్సు కమ్మిని కిరసనాయిలుతోను గుడ్డతోను తుడిచితిమి. ఉక్కు బ్రష్షును ఉపయోగింపలేదు. అది అక్షరముల అంచులను అరుగదీయును. ఒక పూట గడచునప్పటికి జి.పి.డబ్ల్యు. అను అక్షరములును, వాని ప్రక్క అంకెలును బయటపడెను. అడ్డకమ్మియు మడత రేకుదే. కావున చాసిస్సు ఫోర్డు వారిదని స్థిరపడెను. ఇంజనువద్దకు పోగా దానిమీది సంఖ్య ఎం.బి. అని మొదలగుచున్నది. అనగా ఇంజను విల్లీస్ వారిది. మూత విప్పి చూడగా కామ్ దండమును త్రిప్పుటకు లోపల గొలుసున్నది. యుద్ధానంతరపు ఇంజనులలో గొలుసునకు బదులు పండ్లచక్రములు వచ్చినవి గనుక, ఇది యుద్ధకాలపు ఇంజనే. ఏ శాలలోనో ఎవరో సిపాయి మెకానిక్కు దీనిని దానికి బిగించెనని ఊహింపవచ్చును.

ఇచటనే మా మధ్య మొదటి చర్చ పుట్టెను. నా మిత్రుడు, "కర్మాగారమునుండి వచ్చినపుడు దీనిలో ఫోర్డు ఇంజనే కదా యుండెను? అట్టిది ఒకటి వెదకి తెచ్చి బిగింపవలదా?" అనెను. న్యాయమైన ప్రశ్నయే. నా జవాబిది. ఈ ఇంజను యుద్ధకాలపుది, అదే నక్షాతో చేసినది, దశాబ్దములుగా ఈ చాసిస్సుతో కలిసి నడచినది. దీనిని తీసి, వేరొక బండినుండి వచ్చిన ఫోర్డు ఇంజనును పెట్టినచో కంటికి ఏకరూపత వచ్చును గాని, ఆ క్రొత్త ఇంజనునకు ఈ చాసిస్సుతో ఏ బాంధవ్యమును లేదు. సంఖ్యలు కలియవు. సంఖ్యలు కలియుటకై అంకెలను గీకి మరల కొట్టించినచో అది మరమ్మతు కాదు, దొంగ దస్తావేజు. మిత్రుడు సమ్మతించెను. ఇంజను అట్లే యుండెను.

పిదప పని మొదలయ్యెను. కర్మాగారపు స్థితి ఎట్టిదో తెలుపు గ్రంథములు రెండు ఈ పనికి ఆధారములు. మొదటిది అమెరికా సైన్యమువారు 1944 ఫిబ్రవరిలో ప్రకటించిన టి.ఎం. 9-803 అను చేపుస్తకము. వాల్వునకు ఎంత సందుండవలెనో, ఏ కీలుకు ఏ కొవ్వునూనె పెట్టవలెనో అందులో కలదు. రెండవది జి-503 అను సామానుల జాబితా. అందులో ప్రతి సామానునకు విల్లీస్ సంఖ్యయు, ఫోర్డు సంఖ్యయు ప్రక్కప్రక్కనే యుండును. ఈ రెండును ముందు పెట్టుకొని, విప్పిన సామానును మూడు కుప్పలుగా చేసితిమి. మొదటి కుప్ప యుద్ధకాలపువై బాగున్నవి. రెండవది యుద్ధకాలపువే గాని బాగుచేయవలసినవి. మూడవది తరువాత వచ్చినవి. మొదటి కుప్ప ఎంత పెద్దదైన బండి అంత ధన్యము. మా మేస్త్రి పాత బోల్టులను కిరసనాయిలు డబ్బాలో వారము నాననిచ్చి, ఒక్కొక్కటియే మర శుభ్రముచేసి, తలమీద ఎఫ్ అక్షరమున్నవానిని వేరు చేసెను. క్రొత్త బోల్టు అయిదు నిమిషములలో అంగడిలో దొరకును. అయినను ఆయన ఆ పాతదానికి అరగంట వెచ్చించెను.

రేకు పని యన్నిటికంటె కష్టము. జీపులో పెట్రోలు టాంకి డ్రైవరు సీటు క్రింద ఒక గుంతలో కూర్చుండును. ఆ గుంతలో నీరు నిలిచి తుప్పు పట్టుట సర్వసాధారణము. తొట్టి అడుగున రేకునకు బలముగా మడత కమ్ములు కలవు; వానిలోపల కొయ్యచెక్కలు కూర్చియుండిరి. కొయ్య తడిని పీల్చి ఇనుమును తినివేయును. పైకి చక్కగా కనబడు తొట్టి అడుగున జల్లెడ వలె నుండుట అందువలననే. ఇట్టి చోట మన ఊళ్లలో చేయు సులభోపాయము లప్పము. దానిని మెత్తి రుద్ది రంగు వేసినచో ఆరు నెలలు అద్దమువలె మెరయును, ఏడవ నెలలో ఊడిపడును. చెడినంత మేర కోసి, అంతే మందముగల రేకును అంతే మేర అతికి వెల్డుచేయుటయే సరియైన పని. విదేశములనుండి క్రొత్త తొట్టి సమగ్రముగా తెప్పించుకొనవచ్చును, అట్టివి అమ్మకమునకున్నవి. కాని తొట్టి క్రొత్తది, చక్రములు క్రొత్తవి, తీగలు క్రొత్తవి అయినపిమ్మట ఆ బండిలో పాతది మిగులునది చాసిస్సు మీది సంఖ్య మాత్రమే. దానిని తొలిరూపమనుటకు నాకు నోరాడదు.

ఇంకొక విషయము ముఖ్యముగా చెప్పవలెను. కర్మాగారపు స్థితి అనగా అందముగా మెరయు స్థితి యని చాలమంది తలంతురు. ఈ బండి విషయమున అది పొరపాటు. యుద్ధకాలమున వేలకొలది బండ్లను తొందరగా చేసినవారికి వెల్డింగు గుబ్బలను రుద్ది నునుపు చేయుటకు తీరిక యెక్కడిది? రంగు కావలెననియే మెరుపులేనిది వేసిరి. మెరసినచో ఆకాశమునుండి శత్రువునకు కనబడును. అట్టి బండికి ఏడు పూతలు పూసి పాలిషు పెట్టినచో పెండ్లిలో ఊరేగింపునకు పనికివచ్చును గాని, అది 1940 ప్రాంతపు జీపు కాదు. కర్మాగారము చేసినదానికంటె బాగుగా చేయుటయు తొలిరూపమును చెరచుటయే.

అయితే ప్రాణమునకు సంబంధించిన చోట పట్టుదల పనికిరాదు. ఆ కాలపు బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండెడిది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని నేడు మనకు తెలియును. కనుక పాత లైనింగులను ఊడదీయునపుడు గాలితో ఊదక, తడిపి తీసితిమి. ఆస్బెస్టాసు లేనివానిని వేసితిమి. బ్రేకుల రబ్బరు గొట్టములు, టైర్లు క్రొత్తవి వేసితిమి. టైర్ల కొలతను, గీతల తీరును మాత్రము పాతవానికి సరిపోవునట్లు ఎన్నుకొంటిమి. స్టీరింగు ఎడమవైపుననే యుండనిచ్చితిమి. ఆ బండ్లన్నియు అట్లే పుట్టినవి. ఎడమ స్టీరింగు గల బండికి మలుపులు తెలుపు సాధనము పనిచేయుచుండవలెనని మన మోటారు చట్టము విధించుచున్నది గనుక, ఆ దీపములను పాత రేకునకు రంధ్రము పడకుండ పట్టీలతో బిగించితిమి. కావలసినపుడు ఊడదీయవచ్చును.

ఇక మా పనిలో అసలైన పరీక్షను చెప్పెదను. తాతగారు ఆ బండిలో కుడివైపు ముందుసీటును తీసివేసి, ఆ చోటునుండి వెనుక రేకు వరకు ఒక పొడవైన ఇనుప బల్లను అమర్చించిరి. ఊరి కమ్మరి చేసినది. ఊరిలో ఎవరికైన ప్రాణముమీదికి వచ్చినను, కాన్పు కష్టమైనను, రోగిని ఆ బల్లమీద పరుండబెట్టి పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోయెడివారట. అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టినను ఆయన కాదనలేదని ఆ ఊరివారు నేటికిని చెప్పుకొందురు. తొలిరూపము కావలెనన్నచో ఆ బల్ల పోవలెను. నేలరేకున దాని కొరకు తొలిచిన నాలుగు రంధ్రములు పూడవలెను. వెనుక రేకునకు వెల్డు చేసిన రెండు కొక్కెములు కోసివేయవలెను.

ఆ మాట విని నా మిత్రుని తల్లిగారు సావడిలోనికి వచ్చిరి. ఆమెకు ఎనుబదియేండ్లు దాటినవి. ఆమె కొడుకుతో నిట్లనిరి: "నాయనా, అమెరికావారు చేసిన బండిని మరల చేసెదమందురు. బాగున్నది. మరి మీ తాతగారు నడిపిన బండి ఏదిరా? నీవు పుట్టిననాడు నన్ను ఆసుపత్రికి తెచ్చినది ఈ బల్లమీదనే."

మేస్త్రి పని నిలిపెను. ఆ దినము ఎవరమును ఆ బండి జోలికి పోలేదు. నాకు మాత్రము ఒక సంగతి తలపునకు వచ్చుచుండెను. యుద్ధరంగమునందును జీపులమీద స్ట్రెచ్చరులు అమర్చి గాయపడినవారిని వెనుకకు చేర్చిరి. తెలిసియో తెలియకయో తాతగారు ఆ బండిచేత దాని పాత పనినే చేయించిరి. మరి మనము దానికి తొలిరూపమును తెచ్చు ఉత్సాహములో దాని ఉత్తమమైన అధ్యాయమును చించివేయవలెనా?

పాత వాహనముల సంఘముల అంతర్జాతీయ సమాఖ్య ఒకటి కలదు. దానివారు 2012 లో ఆమోదించిన నియమపత్రమును టురిన్ పత్రమందురు. పాత వాహనము గడిపిన జీవితపు గుర్తులును దాని చరిత్రలోనివే యనియు, మార్చిన ప్రతిదానిని వ్రాతలో పెట్టవలెననియు ఆ పత్రము సారాంశము. మన దేశమునందును 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనముల నియమములను సవరించి, మొదట రిజిస్టరయి ఏబదియేండ్లు దాటి, చాసిస్సునగాని, తొట్టియందుగాని, ఇంజనునగాని పెనుమార్పులు లేక తొలి స్థితిలో నున్న వాహనములకు "వి.ఎ." అను అక్షరములతో ప్రత్యేక సంఖ్యలిచ్చు ఏర్పాటు చేసిరి. అట్టి రిజిస్ట్రేషను పదియేండ్లు చెల్లును. ఆ బండిని ప్రతిదినపు రాకపోకలకుగాని, బాడుగకుగాని తిప్పరాదు. కనుక తొలిరూపము అను మాట నేడు కేవలము ముచ్చట కాదు. ప్రభుత్వపు కాగితములలో సంతకముచేసి చెప్పవలసిన మాట. సంతకము చేసిన మాట నిజమై యుండవలెను.

మరునాడు అందరము కూర్చుండి ఒక నిర్ణయమునకు వచ్చితిమి. నాలుగు బోల్టులు విప్పి బల్లను కోయకుండ, వంచకుండ బయటికి తీసితిమి. యుద్ధకాలపు సీటును సంపాదించి ముందరి కుడివైపున అమర్చితిమి. నేలరేకులోని నాలుగు రంధ్రములను పూడ్చలేదు. కమ్మరి చేసిన ఆ బోల్టులనే మరల వానిలో బిగించితిమి. వెనుక కొక్కెములను రెండింటిని అట్లే యుంచితిమి. కావలసినచో గంటసేపటిలో బల్లను మరల ఎక్కింపవచ్చును. బల్ల వారి ఇంటి వసారాలో గోడకు ఆనించియున్నది. దానిమీద చీటి కట్టియున్నది. తల్లిగారు ఆ చీటి తమ చేతనే వ్రాసిరి.

"అయితే పోటీలలో మార్కులు తగ్గునేమో" అని నా మిత్రుడు సంకోచించెను. తగ్గవచ్చును. తగ్గిన తగ్గనిమ్మని మేస్త్రియే ముందుగా అనెను. మేము ఒక నోటుపుస్తకములో, చాసిస్సు ఫోర్డు వారిది, ఇంజను విల్లీస్ వారిది, తొట్టి అడుగున ఇంత మేర క్రొత్త రేకు, లైనింగులు నేటివి, నాలుగు బోల్టులును రెండు కొక్కెములును ఈ కుటుంబమువారి కాలపువి అని వరుసగా వ్రాసి ఫోటోలు అతికించితిమి. సైన్యమువారు గ్లవు పెట్టె మూతమీద బిగించు పలకలు ఆ బండికి పోయినవి. కోరిన తేదీ కొట్టి క్రొత్త పలకలు ఇచ్చెదమని ఒక వర్తకుడు ముందుకు వచ్చెను. తేదీ మాకు ఆధారముతో దొరకలేదు గనుక వద్దంటిమి. పలకల చోట మరల రంధ్రములు ఖాళీగా నున్నవి. చూచినవారు ఇదేమని అడుగుదురు. పోయినవని మిత్రుడు చెప్పును. అబద్ధపు పలకకంటె ఆ ఖాళీ రంధ్రములే నాకు గౌరవముగా కనబడును.

ఇంతకును నేను చెప్పదలచినది ఒక్కటియే. తొలిరూపము మన తలపులోనుండి పుట్టదు. అది ఆ వస్తువు ఇచ్చు సాక్ష్యమునుండి తేలవలెను. సాక్ష్యము ఉన్నంతవరకు పోవలెను, లేనిచోట ఆగవలెను, ఆగినచోటును దాచక చెప్పవలెను. అట్లు చేసినచో బండి కర్మాగారపు నాటిదిగాను నిలుచును, మన పెద్దలదిగాను నిలుచును.

శ్రోతలలో ఎవరి ఇంటనైన, ఏ కొట్టములోనైన, గడ్డివాము ప్రక్కనైన ఇట్టి పాత జీపుగాని, ట్రక్కుగాని పడియుండవచ్చును. గుజరీవానికి తూకమునకు అమ్మకముందును, రంగు కొట్టించకముందును ఒక్క పని చేయుడు. కొంచెము కిరసనాయిలు, ఒక మెత్తని గుడ్డ తీసికొని, ఎడమ చాసిస్సు కమ్మిని మెల్లగా తుడిచి, అచట ఏమున్నదో కాగితముమీద వ్రాసికొనుడు. పిమ్మట ఆ బండిని ఎవరెక్కిరో, ఎందులకెక్కిరో ఇంటి పెద్దలను అడిగి, ఆ కాగితము రెండవ వైపున అదియు వ్రాయుడు. పానా చేతబట్టుటకు అప్పుడు వేళయగును.